నాంచారమ్మత్త బండిలో చుక్కవాణి

దాటు 1

పర్ర డ్రైవర్ల సంఘం నిబంధన ఏడు: స్టీరింగు నేర్చుకునే ప్రతి మనిషీ నలభై దాట్ల పుస్తకం రాయాలి. ఎప్పుడు బయల్దేరారు, ఎవరు ఎక్కారు, ఏం జరిగింది, అన్నీ రాయాలి. ఎటు వెళ్లారన్నది మాత్రం రాయకూడదు. ఈ పుస్తకాలు ఎవరూ చదవరు. సంఘం ఆఫీసులో బీరువా కాలు ఒకటి పొట్టి. దాని కింద పెడతారు. కనుక ఆ బీరువాకు నమస్కరించి మొదలుపెడుతున్నాను.

పేరు సైకం విరజ. భూగోళశాస్త్రంలో పట్టా, అదీ ఫస్టు క్లాసులో. ప్రపంచంలో ఏ నది ఎక్కడ పుట్టిందో చెప్పగలను, వాటిలో సగం ఇప్పుడు లేకపోయినా సరే. మా దిబ్బ నుంచి ఒడ్డుకు ఎలా వెళ్లాలో మాత్రం చెప్పలేను. మధ్యలో ముప్పై ఒక్క కిలోమీటర్ల పర్ర ఉంది. సముద్రం వచ్చి పదేళ్లు కూర్చుని, లేచి వెళ్తూ వదిలేసిన ఉప్పు నేల అది. పైన తెల్లటి పెచ్చు, కింద ఊబి. పెచ్చు గట్టిగా ఉన్నచోటే బండి నడవాలి. ఆ గట్టి దారిని జాడ అంటారు. ఒక్కో డ్రైవరుది ఒక్కో జాడ. ఎవరిది వాళ్ల తలలో ఉంటుంది. కాగితం మీద ఎక్కడా లేదు.

మా మేనత్త నాంచారమ్మది రేవులో అందరికంటే పాత బండి, అందరికంటే మంచి జాడ. ఇరవై ఆరేళ్లలో ఒక్క చక్రం కూడా దిగబడలేదు. ఇప్పుడు ఆమె కళ్లు మసకబారాయి. ఈ సీజను దాటితే సంఘం ఆమెను స్టీరింగు పట్టుకోనివ్వదు. పిల్లలు లేరు. కనుక జాడ నాకు రావాలి. నలభయ్యో దాటు నేను ఒంటరిగా దాటితే జాడ నాది, బండి నాది, రేవులో ఆమె బండి నిలబెట్టుకునే చోటు నాది. దాటలేకపోతే జాడ ఆమెతోనే పోతుంది.

ఉదయం ప్రమాణం అయింది. సముద్రం వైపు తిరిగి నాలుక మీద ఉప్పుకల్లు పెట్టుకుని, "చూసిన జాడ చెప్పను, తొక్కిన జాడ చూపను" అనాలి. అన్నాను. ఉప్పుకల్లు పెద్దదైంది. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగుతూనే ఉన్నాను.

ఎక్కినవాళ్లు ఎనిమిది మంది, కోళ్లు పన్నెండు. ప్రయాణం గంటా పది నిమిషాలు.

దాటు 3

విద్యార్థి నివేదిక: అంతా తెల్లగా ఉంది.

అత్త ఒక్కసారిగా కుడికి తిప్పుతుంది. ఎందుకు తిప్పావని అడిగితే, "కనపట్టల్లా?" అంటుంది. కళ్లు మసకబారిన మనిషి, ఫస్టు క్లాసు చూపున్న నన్ను కనపట్టల్లా అని అడుగుతోంది. ముందు తెలుపు, వెనక తెలుపు, పక్కన తెలుపు. మధ్యలో నేను.

"గురుతులేమన్నా చెప్పత్తా."

"గురుతులుంటే నీకెందుకు, ఎవడన్నా పోతాడు."

దిగాక తోక విప్పి ఆరబెట్టడం నా పని. తోక అంటే బండి వెనక కట్టి ఈడ్చే ఈతకొమ్మల మోపు. మా చక్రాల గుర్తులు ఎవరికీ చిక్కకుండా అది తుడిచేస్తుంది. తోక సరిగ్గా కట్టని డ్రైవరును రేవులో ఎవరూ మనిషిగా చూడరు. అత్త ఆ ముడిని మూడుసార్లు లాగి చూస్తుంది. నేను వేసిన ముడినైతే ఆరుసార్లు.

దాటు 5

నేను పుట్టకముందే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నిటినీ ఎవరో కూల్చుకున్నారు. అప్పటినుంచి ఫోనుకు తానెక్కడుందో తనకే తెలియదు. ఇప్పుడు మళ్లీ కొన్ని ఎగరేశారట. ఒడ్డు బజారులో దారి చెప్పే పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. బండి అద్దానికి తగిలిస్తే చాలు. మొదటి కొన్ని దాట్లలో నువ్వు వెళ్లిన దారి అది నేర్చుకుంటుంది. ఆ తర్వాత నీకు అది చెబుతుంది.

ఈ సంగతి అత్త చెవిన వేశాను. గొడవ అవుతుందనుకుని ఏడు వాదనలు, రెండు ఉపవాదనలు సిద్ధం చేసుకున్నాను. వాటి అవసరం రాలేదు.

"నీకు నా జాడ కంటికి ఆనట్లేదా?"

"ఆనట్లేదత్తా. నిజం. అంతా ఒక్కలాగే ఉంది."

"పెట్టె చెబితే ఆనుద్దా?"

"ఆనుద్ది."

"సరే, తెచ్చుకో."

విద్యకు ఇంత సులభంగా విజయం దక్కడం చరిత్రలో అరుదు. ఇవాళ్టి తేదీ కింద గీత గీసి పెట్టుకున్నాను.

దాటు 6

పెట్టె ఎంపిక. ఇది తేలికైన బాధ్యత కాదు. చీర కొనేటప్పుడు కూడా ఇన్ని షాపులు తిరగలేదు.

మొదటిది 'గరుడ'. భోజనం క్యారియరంత ఉంది. దాని ఏరియల్ కొమ్ము బండి టాపు మీద బిగించాలి. మా టాపు మీద రొయ్యల బుట్టలు ఉంటాయి. గరుడను పక్కన పెట్టాము.

రెండోది 'పథిక'. చవక. కానీ దానిది ప్రవచనాల గొంతు. "ఓ ప్రయాణికుడా, దక్షిణ దిశకు మరలుము" అంది. అత్త దాన్ని ఎగాదిగా చూసి, "ఇది దారి చెప్పేలోగా మనం మునిగిపోతాం" అంది.

మూడోది 'చుక్కవాణి'. అరచేతిలో పట్టేంత. అద్దం నుంచి ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. అత్త పెట్టిన షరతు అదొక్కటే. "బండిలో వదిలేసి వస్తే ఎవడన్నా వచ్చి దాన్ని అడిగేస్తాడు" అంది. పెట్టెను మనిషిలాగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారన్నది ఆమె భయం.

చుక్కవాణి ఏజెంటు మా ఇమ్మానుయేలే. కాలేజీలో మూడేళ్లు నా పక్క బెంచీ. నా పటం గీసే పెన్సిళ్లు దొంగిలించినవాడు, పరీక్షలో నా జవాబులు చూసి రాసి నాకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు. అంతటి ఆప్తుడు.

"ఒరేయ్ ఇమ్మూ, ఇది మా జాడ ఎవరికన్నా చెబుద్దా?"

"పిచ్చిదానా, నీ పెట్టె నీది. నీ దగ్గరే ఉంటది."

"ఒట్టు?"

"మా అమ్మ మీదొట్టు."

వాళ్లమ్మ చేసిన చేపల పులుసు మూడేళ్లు తిన్నాను. నమ్మాను.

దాటు 7

ఇవాళ చుక్కవాణి ప్రతిష్ఠా మహోత్సవం. ముహూర్తం పొద్దున ఏడింటికి. అయ్యేసరికి పదిన్నర.

అద్దానికి అంటుకోవడానికి దాని వెనక రబ్బరు మూత ఉంది. ఉప్పు గాలి పట్టిన అద్దానికి అది అంటుకోదు. సబ్బు నీళ్లతో కడిగాను, జారింది. చింతపండు పులుసుతో తోమాను. అంటుకుంది, పది లెక్కపెట్టేలోగా అత్త ఒళ్లో పడింది. చివరికి ఇమ్మూ సైకిలు షాపుకు వెళ్లి పంక్చరు సొల్యూషన్ తెచ్చాడు.

తర్వాత స్థల వివాదం. అద్దం మధ్యలో పెడదామంటే అక్కడ అమ్మవారి బొమ్మ. "ఆవిడ ముందు ఇది మాట్లాడితే బాగోదు." ఎడమవైపు పెడదామంటే, "అటు నేను చూడాల." కుడివైపు తుడిచే కర్ర అడ్డం. కుడి మూలన, కిందగా, తుడిచే కర్ర తగలనిచోట స్థలం ఖాయమైంది.

కరెంటు తీగ గుచ్చే సాకెట్టులో అత్త ఇరవై ఆరేళ్లుగా అగరొత్తులు గుచ్చుతోంది. లోపల బూడిద గట్టిపడి రాయైంది. చెవిలో గుమిలి తీసే పుల్లతో ముప్పావు గంట తవ్వాను. నా పట్టా ఇందుకు పనికొస్తుందని మాస్టార్లు ఎవరూ చెప్పలేదు.

సొల్యూషన్ ఆరేదాకా పెట్టెను అద్దానికి అదిమి పట్టుకోవాలి. ఎడమ చేత్తో పట్టుకున్నాను. అప్పుడే దాని తెర వెలిగి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇది అంగీకారమా, అది అంగీకారమా అని పదకొండు ప్రశ్నలు. ఒక్కోటీ నాలుగు పేజీలు.

"అన్నిటికీ అవునని నొక్కెయ్. లేకపోతే మొదలవదు," అన్నాడు ఇమ్మూ.

కుడి బొటనవేలితో పదకొండుసార్లు అవునని నొక్కాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది.

ఆఖర్న అత్త వచ్చింది. చేతిలో ఉప్పుకల్లు. దాన్ని చుక్కవాణి నెత్తి మీద పెట్టి, "చూసిన జాడ చెప్పను, తొక్కిన జాడ చూపను, అను" అంది.

"మీరు చెప్పింది అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి," అంది చుక్కవాణి, ఎంతో వినయంగా.

అత్త నా వైపు తిరిగి, "నిజం చెప్పింది. దీనికేం అర్థం కాదు" అని నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియలేదు.

ప్రయాణం గంటా యాభై నిమిషాలు. మామూలుకంటే నలభై నిమిషాలు ఎక్కువ. పెట్టె తగిలించిన కంగారులో అత్త నెమ్మదిగా నడిపిందని నా పరిశీలన.

దాటు 15

అద్భుతం. చుక్కవాణి తెర మీద మా జాడ నీలం గీతలా కనిపిస్తోంది. స్టీరింగు నా చేతిలో. "మూడు వందల మీటర్లలో ఎడమకు," అంటుంది, తిప్పుతాను. బండి దిగబడదు. అత్త పక్క సీట్లో కూర్చుని బయటకు చూస్తూ శనగలు తింటుంది. దాటేదాకా నోరు విప్పదు. దిగాక అడుగుతుంది.

"ఏమే, ఇవ్వాళ నేలేమన్నా చెప్పిందా?"

"నేలెందుకు చెబుద్దత్తా, పెట్టె చెప్పింది."

"ఊఁ."

రోజూ ఇదే ప్రశ్న. వయసు మీద పడ్డవాళ్లు ఒకటే మాట అడుగుతుంటారు. ఓపిగ్గా జవాబిస్తున్నాను. పెద్దల పట్ల నా సహనం ఈ పుస్తకంలో నమోదు కావాలని కోరిక.

ఇంటికెళ్లాక పెట్టెను బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున దాస్తాము. తోక ముడి ఇప్పుడు అత్త మూడుసార్లే లాగి చూస్తోంది. ఎదుగుతున్నాను.

దాటు 29

పదమూడో కిలోమీటరు దగ్గర బ్రేకు వేశాను. ముందు నేల మీద చక్రాల గుర్తులు. మావి కావు. మావి ఎప్పటికప్పుడు తోక తుడిచేస్తుంది. ఈ బండికి తోక కట్టలేదు. దర్జాగా, నట్టనడి జాడలో, రెండు బారు గీతలు.

"అత్తా..."

"చూశాలే. పోనీ."

"మన జాడలోకి ఎవరో వచ్చారత్తా!"

"వచ్చారు గదా. పోనీ."

ఎక్కినవాళ్లు తొమ్మిది మంది. ఒకాయన నన్ను, "ఏమ్మా, ఇదేనా నాంచారమ్మ బాట?" అని అడిగాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆయన చేతిలోనూ ఒక చుక్కవాణి ఉంది. దాని తెర మీద మా నీలం గీత ఉంది. గీత పక్కన అందమైన అక్షరాలతో ఆ పేరు ఉంది.

దాటు 31

పొద్దున లెక్కపెట్టాను. మా జాడలో పద్నాలుగు బళ్లు. ఒకడు పక్కనుంచి పోతూ హారను కొట్టి చెయ్యి ఊపాడు. మా అత్త జాడలో మా అత్తను దాటేసి పోయాడు.

పెచ్చు మీద నెర్రెలు కనబడుతున్నాయి.

దాటు 32

ఇమ్మూ షాపుకు వెళ్లాను. కొత్త బోర్డు, కొత్త కుర్చీ. కుర్చీ గుండ్రంగా తిరుగుతోంది. వాడు అందులో కూర్చుని నన్ను చూడగానే అటు తిరిగాడు.

"ఇటు తిరగరా."

"విరజా, కూర్చో. టీ తాగుతావా?"

"మీ అమ్మ ఎట్టా ఉంది?"

"బాగుంది, ఎందుకు?"

"ఆవిడ మీద ఒట్టేశావు గదా, ఇంకా బాగుందా అని."

వాడు నా చేతిలో పెట్టె తీసుకుని ప్రశ్నల పేజీ తెరిచాడు. తొమ్మిదోది. 'మీ దారులు తోటి ప్రయాణికులకు ఉపయోగపడటానికి అంగీకరిస్తున్నారా?' కింద నా పేరు, తేదీ, నా బొటనవేలి ముద్ర.

"నేను నొక్కలా. నువ్వు నొక్కావు."

"నొక్కమంది నువ్వు. అందులో ఏముందో నీకు తెలుసు."

"తెలుసు. అయినా జాడలు తలకాయల్లో దాచుకోవడమేంటే? ఎవడో ఒకడు చస్తే జాడ వాడితో పోవడమేంటి? దారి అందరిదీ."

అందులో నిజం ఉంది. అదే వాడితో వచ్చిన చిక్కు. దొంగతనం చేసేటప్పుడు కూడా ఒక నిజం వెంట తెచ్చుకుంటాడు.

"అంత మంచి మాటైతే మా అత్తకు చెప్పి తీసుకోవాల్సింది. నా చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు కాదు."

కొత్త జాడ తెచ్చినవాణ్ని కంపెనీ పర్రకంతటికీ మేనేజరును చేస్తుందట. బోర్డు మీద ఆ సంగతి ఎర్ర అక్షరాలతో ఉంది. నేను టీ తాగలేదు. వచ్చేటప్పుడు కుర్చీని మాత్రం గట్టిగా ఒక తిప్పు తిప్పి వచ్చాను.

దాటు 33

అత్తకు చెప్పేశాను. బొటనవేలు సంగతి, తొమ్మిదో ప్రశ్న సంగతి, పదకొండుసార్లు చదవకుండా నొక్కిన సంగతి. ఈ పుస్తకంలో వేసిన వేషాలేవీ అక్కడ పనికిరాలేదు.

అత్త తోకలో విరిగిన ఈతకొమ్మలు తీసి కొత్తవి పెడుతోంది. పని ఆపలేదు.

"ఉప్పు తిన్నది నువ్వా, పెట్టా?"

"నేను."

"మరి పెట్టెననుకుని లాభమేముంది?"

అంతే. కోప్పడలేదు. ఆమె కోప్పడితే ఏ మూలనో నిలబడి ఏడవొచ్చునని నేను వేసుకున్న పథకం దెబ్బతింది. ఆమె కొమ్మల మోపు బిగించి ముడి వేసింది. నేను లాగి చూడబోతే చెయ్యి పక్కకు నెట్టేసింది.

దాటు 35

సంఘం మీటింగు. అత్త లేచి నిలబడింది. ఆమె అక్కడ నోరు విప్పడం ఇదే మొదటిసారి.

"ఆ పెట్టె చూపించే దారి ఒక్క బండి దారి. రోజుకొకటి పోతే నూరేళ్లుంటది. ముప్పై బళ్లు పోతే పదమూడో కిలోమీటరు కాడ పెచ్చు పగులుద్ది. ఆపండి."

అధ్యక్షుడు శివనాగులు పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. ఆయన బండికీ చుక్కవాణి ఉంది. "నాంచారక్కా, జాడ చేజారిందని బాధగా ఉంటది, కాదన్ను. కానీ పెట్టె బాగానే ఉందంటంది."

పెట్టెను బల్ల మీద పెట్టి అడిగాడు కూడా. "దారి సాధారణంగా ఉంది. శుభప్రయాణం," అంది చుక్కవాణి.

అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ముగ్గురికి దిగబడ్డ బళ్లు లాగిపెట్టింది మా అత్త. నేను లేచి, తప్పు నాది, చెప్పేది వినండి అన్నాను. "నువ్వు కూర్చో అమ్మా, ఇది పెద్దోళ్ల మాట" అన్నారు. నా భూగోళశాస్త్రాన్ని అంత గౌరవంగా ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఇంటికి నడుస్తూ, "నువ్వెందుకు లేచావు?" అంది అత్త.

"తప్పు నాది గదా."

"అది మన ముగ్గురికీ తెలుసు. నీకూ, నాకూ, ఆ ఇమ్మూగాడికీ. చాల్లే."

ఆమె మామూలుగా మాట్లాడేసరికి, క్షమించేసిందనుకున్నాను. నలభయ్యో దాటుకు ఏ రంగు చీర కట్టుకోవాలో కూడా ఆలోచించుకున్నాను.

దాటు 38

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు రేవులో మంచె మీది కాపలామనిషి దుర్బిణిలోంచి చూసి కేక పెట్టాడు. పర్రలో ఎర్రగుడ్డ లేచింది. ఎర్రగుడ్డ ఎగరేశారంటే బండి దిగబడిందని. నేను మా చుక్కవాణి తెర చూశాను. పదమూడో కిలోమీటరు దగ్గర ఒక చుక్క. దాని పక్కన 'ఇమ్మానుయేలు, కదలడం లేదు' అని ఉంది. వాడు, వాళ్లమ్మ, పెళ్లిబట్టలు కొనడానికి బయల్దేరిన నలుగురు చుట్టాలు. మొత్తం ఆరుగురు.

రేవులో ఇరవై బళ్లున్నాయి. ఇరవై పెట్టెలూ ఒకటే దారి చూపిస్తున్నాయి. ఆ దారి పగిలిపోయింది. పాత జాడలు తెలిసినవాళ్లు కూడా పది రోజులుగా పెట్టె మాటే వింటున్నారు. ఈలోగా పున్నమి పోటు వచ్చి పోయింది, వాళ్ల జాడలు ఎటు జరిగాయో వాళ్లకే తెలియదు. శివనాగులు పెట్టెను అరచేత్తో కొడుతున్నాడు. "దారి సాధారణంగా ఉంది," అంటోంది అది.

అత్త మా బండి దగ్గరకు వచ్చింది. అద్దం మూల నుంచి చుక్కవాణిని పట్టి లాగింది. సొల్యూషన్ పెచ్చులతో సహా ఊడి వచ్చింది. దాన్ని శివనాగులు చేతిలో పెట్టింది.

"చూస్తా ఉండు. నేనెటు పోతన్నానో చెబుద్దేమో."

బల్లలు, మోకులు టాపు మీద వేసుకున్నాం. స్టీరింగు ఆమె పట్టుకుంది. రేవు దిగుతూనే బండి కుడికి తిరిగింది.

"అత్తా, ఎడమకి గదా?"

"అది పెట్టెకి."

బండి ఈ నెలరోజుల్లో ఎప్పుడూ వెళ్లనివైపు వెళ్తోంది. చక్రాల కింద నేల గట్టిగా, సిమెంటు మీద పోతున్నట్టుంది.

"ఇదేం జాడ?"

"నాది."

"మరి ఇన్నాళ్లు మనం తొక్కింది?"

"మీ తాతది. పాతది. సగం దాకా చుట్టు తిరిగి పోవాల. నేను పదేళ్ల కిందట వదిలేశా."

నలభై నిమిషాలు ఎక్కువ పట్టిన సంగతి గుర్తొచ్చింది. ముప్పై దాట్లు. రోజూ శనగలు తింటూ పక్కన కూర్చుంది. రోజూ నేను గర్వంగా నీలం గీత మీద స్టీరింగు తిప్పాను.

"నన్ను ముప్పై రోజులు అబద్ధం మీద తిప్పావా అత్తా?"

"పెట్టె ముందు ఎవురన్నా సొంత జాడ తొక్కుతారా? తగిలించిన రోజునే మార్చా."

"నాకు చెప్పొచ్చు గదా!"

"ఎందుకు చెప్పాల? మొదటి ఆరు రోజులు ఒక జాడ. ఏడో రోజు నుంచి ఇంకోటి. కుడికి పోయే బండి ఎడమకి పోతే తేడా తెలియలా నీకు. రోజూ అడిగా, నేలేమన్నా చెప్పిందా అని. ఒక్కరోజన్నా, అత్తా ఇది వేరేగా ఉందేంటి అంటావని చూశా. ముప్పై రోజులు చూశా."

"అది పరీక్షని చెప్పలేదు గదా నువ్వు."

"చెబితే నువ్వు చదువుకుని వస్తావు. నీకది అలవాటే."

ఇమ్మూ నన్ను మోసం చేశాడు, దానికి నాకు కోపం వచ్చింది. నేను అత్తను మోసం చేశాను, దానికి సిగ్గేసింది. అత్త నన్ను మోసం చేసింది. దానికి ఏం రావాలో తెలియలేదు. తొమ్మిది రోజులుగా ఆమె జాడ పోగొట్టానని అన్నం సహించక తిరుగుతుంటే ఆమె చూస్తూ ఊరుకుంది.

బండి ఆపింది. రెండు వందల మీటర్ల దూరంలో ఇమ్మూ బండి. అద్దాల దాకా దిగిపోయింది. ఆరుగురూ టాపు మీద కూర్చుని ఉన్నారు. వాళ్లమ్మ పెళ్లిబట్టల కోసం తెచ్చిన ఖాళీ సంచీని గుండెకు హత్తుకుని ఉంది.

బల్లలు ఒకదాని ముందు ఒకటి పరుచుకుంటూ పాక్కుంటూ వెళ్లాను. మోకు చివర అత్త నడుముకు, ఇంకో చివర నా నడుముకు. ముందు వాళ్లమ్మను తెచ్చాను. ఆవిడ బరువుకు బల్ల రెండుసార్లు కిందికి జారింది. రెండుసార్లూ వెనక నుంచి మోకు బిగిసింది. అత్త లాగింది. తర్వాత ఆ నలుగురు. ఆఖర్న ఇమ్మూ. వాడి కొత్త చెప్పులు ఊబిలో పోయాయి.

"విరజా, నేను..."

"పాకరా, తర్వాత మాట్లాడు."

మేము చూస్తుండగానే వాడి బండి టాపు కూడా వెళ్లిపోయింది. లోపలి నుంచి చుక్కవాణి గొంతు కాసేపు వినబడింది. "వెనక్కు తిరగండి. వీలైతే వెనక్కు తిరగండి." ఇరవై ఆరేళ్లలో ఎవరికీ ఏమీ కానివ్వని మనిషి అటు చూడకుండా నిలబడింది.

బురదతో ఆరుగురూ మా బండి ఎక్కారు. అత్త సీటు కింద నుంచి తువ్వాళ్లు తీసింది. రొయ్యల బుట్టల మీద కప్పేవి.

"అందరూ కళ్లకు కట్టుకోండి."

అందరూ కట్టుకున్నారు. ఇమ్మూకు నేనే కట్టాను. అవసరమైన దానికంటే రెండు ముళ్లు ఎక్కువ వేశాను. అందరివీ సరిచూసి ముందు సీట్లోకి వచ్చాను. అత్త చేతిలో ఇంకో తువ్వాలుంది. నా వైపు చాచింది.

"నాక్కూడానా?"

"ఊఁ."

"అత్తా, నేను ఉప్పు తిన్నదాన్ని."

"తిన్నాకే గదా నొక్కావు."

"ఇందాక వచ్చేటప్పుడు చూశా గదా. మళ్లీ ఇదెందుకు?"

"చూసింది చెప్పు. ఎన్ని మలుపులు తిరిగాం?"

ఆలోచించాను. వచ్చేటప్పుడు నేను నేలను చూడలేదు. ఆమె ముఖం చూస్తూ పోట్లాడుతూ ఉన్నాను.

"ఎల్లుండి నలభయ్యో దాటు," అన్నాను.

"ఉంటది. పోటీ ఏముంది, బండి నీకే ఇస్తా. చోటూ నీకే. ఇక జాడంటావా, మీ తాతది పగిలింది. కొత్తది వెతుక్కో. నేనూ వెతుక్కున్నదాన్నే."

తువ్వాలు తీసుకున్నాను. రొయ్యల వాసన. కట్టుకున్నాను. ముడి ఆమె లాగి చూసింది. ఆరుసార్లు లాగింది, లెక్కపెట్టాను.

బండి కదిలింది. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో దేవుణ్ని తలుచుకుంటున్నారు. నేను లెక్క మొదలుపెట్టాను. ముందు గట్టి నేల, కుదుపు లేదు. ఇరవై దాకా లెక్కపెట్టాక చక్రాల కింద చప్పుడు మారింది, పలచగా, పళ్లెం మీద గోరు తట్టినట్టు. కుడివైపుకు ఒరిగాను. ఒకటి. మళ్లీ గట్టి నేల, ముప్పై అయిదు. ఎడమకు. రెండు. ముప్పై ఎనిమిది రోజుల్లో మొదటిసారి నేల ఏదో చెబుతోంది. వేళ్లు ముడుచుకుంటూ ఒక్కోటీ దాచుకుంటున్నాను. ఇంతలో చెంప మీద ఎండ పక్కకు జరిగింది. బండి గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టు. ఆగకుండా రెండో చుట్టు. మూడోది. కుడి ఏదో ఎడమ ఏదో కలిసిపోయాయి. నా వేళ్లలో దాచుకున్నదంతా చెదిరిపోయింది.

వెనక ఉన్న ఆరుగురికి ఆ చుట్లు అక్కర్లేదు. వాళ్లు ప్రాణాలతో ఉన్నారా లేదా అన్నదే చూసుకుంటున్నారు. బండిలో లెక్కపెడుతున్నది నేనొక్కదాన్నే. ఆ సంగతి అత్తకు తెలుసు.